మేడిచెట్టు మీద పచ్చ పావురాలు

కొండమీది సైనిక పోస్టుకు చేరేసరికి పొద్దున పదకొండున్నర. ట్రక్కు దిగి నాలుగు గంటలు నడిచాం. వాన. వీపున ఇరవై కిలోల బరువు, బూట్లలో జలగలు. తొంభైల మధ్యలో, ఈశాన్య సరిహద్దు అడవి అది. బంకరుకు నూట యాభై గజాల దిగువన ఊట, పక్కనే పెద్ద మేడిచెట్టు. మాకు నీళ్ళన్నీ ఆ ఊటవే.

చెట్టు నిండా పావురాలు. మన మేడల మీద తిరిగే బూడిదరంగువి కావు. ఆకుపచ్చ ఒళ్ళు, పసుపు కాళ్ళు, రెక్క మొదట్లో ఊదా మరక. పళ్ళే వాటి తిండి. కదలకపోతే ఆకుల్లో కంటికి ఆనవు.

నాది మద్రాసు వాషర్‌మెన్‌పేట్. మా నాయన మేడమీద పందెం పావురాలు పెంచేవాడు. గుంపు లేచిన తీరు చూసి డేగ వచ్చిందో పిల్లి వచ్చిందో చెప్పడం పదేళ్ళకే వచ్చేసింది నాకు. డేగైతే ముద్దకట్టి పైకి లేస్తాయి. పిల్లో మనిషో అయితే తలో దిక్కూ చెదురుతాయి. ఈ గొప్పను మా హవల్దారు దగ్గర చెప్పుకున్నాను. నా నోరు ఊరుకుంటేగా! ఆయన పగటి కాపలా నాకే వేశాడు. నేను సరేనంటేనే నీళ్ళకు మనిషి దిగాలని ఆర్డరు.

ఆరు వారాల్లో ఆ పచ్చ పావురాలు ముద్దకట్టి లేచింది రెండుసార్లే. బైనాక్యులర్‌తో చూస్తే రెండుసార్లూ డేగే. హవల్దారు భుజం తట్టాడు. రోజుకు మూడు గంటల నిద్రతో ఒళ్ళు హూనమైపోతున్నా ఆ మెప్పు బాగుండేది.

ఆ రోజు నీళ్ళ వంతు వైర్‌లెస్ ఆపరేటరుది. మా పేట పక్కనే తిరువొత్తియూరువాడు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, నాలాగే. నాతో తెలుగు మాట్లాడేవాడు అక్కడ అతనొక్కడే. మధ్యాహ్నం రెండూ ఇరవైకి అతను డబ్బా ఎత్తుకున్నాడు. అప్పుడే పావురాలు లేచాయి. ముద్దగా, పైకి. అతను ఆగాడు.

"ఆడ ఎవురన్నా ఉండారా అన్నా? బాగా చూసి చెప్పు."

బైనాక్యులర్ మెడలోనే ఉంది. చెయ్యి ఎత్తబుద్ధి కాలేదు.

"డేగలే. పోయిరా."

ఊట దగ్గర వంగాడు. రెండు తూటాలు పేలాయి. బోర్లా పడ్డాడు.

మేం కాల్చాం. హవల్దారే వైర్‌లెస్ సెట్టు అందుకుని, "ఊట దగ్గర ఒకడు పడ్డాడు, కదలిక లేదు," అని కంపెనీకి చెప్పాడు. పై పోస్టు వాళ్ళు వచ్చి దారి కాసేదాకా దిగొద్దన్నారు. నలభై నిమిషాలు.

ఆ పావురాలు మనిషికి బెదిరినా అట్లాగే ముద్దకట్టి లేస్తాయని సామాన్లు మోసే అక్కడి మనిషి తర్వాత చెప్పాడు. మా మేడమీది చదువు అడవికి పనికిరాలేదు.

ఏడాది తర్వాత సెలవు దొరికింది. ముందు తిరువొత్తియూరు వెళ్ళాను. వాళ్ళమ్మ కాఫీ ఇచ్చి, ఆఖరున ఎవరితో మాట్లాడాడని అడిగింది. నాతోనే అన్నాను. ఏం మాట్లాడామో చెప్పలేకపోయాను. ఇప్పటికీ సిగ్గే.

ఆ సాయంత్రం మా ఇంటి మేడమీద నాయన పావురాలు ఉన్నట్టుండి ముద్దకట్టి లేచాయి. చిన్నప్పుడు అడిగినట్టే అడిగాడు.

"డేగా, పిల్లా? చెప్పు."

"తెలీదు నాయినా."



ఆ రోజు ఊట దగ్గర, ఆ నలభై నిమిషాల్లో, మాకంటే ముందు పావురాలే తిరిగొచ్చాయి. అతని పైనున్న కొమ్మ మీదే వాలి తిన్నాయి. సగం పొడిచిన మేడిపళ్ళు ఒక్కొక్కటే అతని వీపు మీద రాలుతున్నాయి. ఈసారి బైనాక్యులర్ ఎత్తే ఉంది. దించలేకపోయాను.