అత్త అడిగింది గ్లాసు గురించి

ఏడో నెలలో గాజులు తొడిగి అక్కని మా ఇంటికి పిలుచుకొని వచ్చినాము. వచ్చిన వారంలోనే రక్తపరీక్షలో షుగర్ అని తేలింది. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి వస్తాది, కాన్పయినాక చాలామందికి పోతాది, తిండి చూసుకుంటే చాలు అని డాక్టరమ్మ తమిళంలో నిదానంగా చెప్పింది. అమ్మకి మాత్రం అది వేరే ఏదో భాషలో వినిపించినట్టుంది. ఆసుపత్రి మెట్లు దిగేలోపలే ఏడుపు మొదలుపెట్టింది.

"మంసాపురంలో తెలిస్తే ఏమంటారురా? రోగం పుట్టింటినుంచి తెచ్చింది అనరా?"

"పుట్టింటి సారె అనుకుంటారులేమ్మా" అన్నాను. చేతిలో ఉన్న ఫైలుతోనే నా నెత్తిమీద ఒకటి వేసింది.

అక్క మెట్టినిల్లు మంసాపురం. బావకి పని తిరుప్పూరులో, కాబట్టి ఆ ఇంట్లో ఉండేది అక్కా, వాళ్ళ అత్తా. ఆమెని నేనూ అత్తా అనే పిలుస్తాను. "మా కోడలికి తలనొప్పి కూడా రాదు" అని ఆమె వీధంతా చెప్పుకుంటా ఉండింది. ఇంటికి వచ్చే ఆటోలో అక్క ఏడవలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకొని, "అత్తకి మాత్రం తెలియకూడదురా. ఆమె మొహం ఎట్ల చూసేది?" అనింది. బావకి ఫోన్ చేసి చెప్పినాము. వాళ్ళమ్మకి ఏదీ చెప్పే అలవాటు ఆయనకి ముందునుంచే లేదు, కాబట్టి ఆ పక్క భయం లేకపోయె.

చిక్కు వచ్చింది పాల్కోవాతో. మంసాపురం పక్కనే శ్రీవిల్లిపుత్తూరు. అక్కడి పాల్కోవా అంటే ఈ చుట్టుపక్కల పెండ్లికీ అదే, పలకరింపుకీ అదే. అత్త ప్రతి శుక్రవారం పొద్దున్నే పోయి వేడివేడిగా కొని, మా ఊరికి మిల్లు పనికి వచ్చే ఒకావిడ చేతిలో పెట్టి పంపిస్తా ఉండింది. సాయంత్రం ఫోన్ చేసేది. "తింటివా కన్నా?" అక్క ఫోన్ చెవిదగ్గర పెట్టుకొని, "తింటిని అత్తా. చాలా బాగుండాది" అనేది. వద్దంటే ఎందుకని అడుగుతుంది. పారేస్తే అన్నం పారేసినట్టు అని అమ్మ. మిగిలింది నేను. ఇంటి పరువు కోసం ఎవరో ఒకరు త్యాగం చెయ్యాల గదా, వంటింట్లో తలుపు వెనక నిలబడి చేసినాను. సత్రపట్టిలో నేను బ్యాండేజి గుడ్డ ప్యాకింగ్ చేసే చోట, కడుపుతో ఉండేది అక్కనా నువ్వా అని అడగడం మొదలుపెట్టినారు.

ఒకరోజు నేను మూతి తుడుచుకుంటా బయటికి వస్తే అక్క చూసింది. తిట్టలేదు. "నాకు పన్నీర్ సోడాలో ఐస్‌క్రీము వేసుకొని తాగాలని ఉండాదిరా" అనింది, అంతే. బడి రోజుల్లో బజారుకి పోతే మేమిద్దరం ఒక గ్లాసు కొని రెండు గొట్టాలు పెట్టుకొని తాగేవాళ్ళం. గులాబీ వాసన సోడా, మీద తెల్లటి ఉండ. నా మూతికి ఇంకా పాల్కోవా అంటుకొని ఉండె. ఆ రాత్రి ఫోన్లో వెతికితే, చక్కెరా పిండిపదార్థమూ తక్కువగా ఇంట్లోనే చేసుకునే ఫ్లోట్, అంటే సోడాలో తేలే ఐస్‌క్రీము, అని కనిపించింది. డాక్టరమ్మని అడిగితే, చిన్న గ్లాసు, వారానికి ఒకసారి, తాగినాక వేలు గుచ్చి షుగర్ చూసుకోండి అనింది.

క్రీము, చిక్కటి కొబ్బరిపాలు, చక్కెర బదులు స్టీవియా చుక్కలు. ఫ్రీజర్లో పెట్టి గడ్డ కట్టేలోపల మళ్ళీమళ్ళీ తీసి గిలకొట్టాల. చక్కెర లేని ఐస్‌క్రీము మెత్తగా ఉండదని నాకెవరూ చెప్పలేదు. మొదటిసారి స్పూను వంగిపోయె. రెండోసారి కత్తి తెచ్చినాను. మూడోసారి బుద్ధి వచ్చి, గిన్నెని బయట పెట్టి, మెత్తబడేదాకా కాచుకుంటిని. పన్నీర్ సోడా కొట్లో కొంటే అంతా చక్కెరే, అందుకని మామూలు సోడాలో పన్నీరు, అంటే ఆ గులాబీ నీళ్ళే, కొన్ని చుక్కలు వేసినాను. మొదట మరీ ఎక్కువ పడి పెండ్లిమంటపం వాకిలి వాసన వచ్చింది. ఫ్లోట్ అనే మాట అమ్మకి నోరు తిరగలేదు. "ప్లాటు అయిందారా?" అని వసారాలోంచి అరిచేది. పక్కింటావిడ గోడమీదుగా తొంగిచూసి సెంటు ఎంత పడింది అని అడిగింది.

కుదిరిన రోజు శుక్రవారమే అయింది. అక్క కాళ్ళు చాపుకొని మంచంమీద కూర్చొని, ముక్కుకి నురుగు అంటించుకొని తాగతా ఉండె. చాలా రోజులకి నవ్వింది. నేను స్పూను పట్టుకొని పక్కనే నిలబడి, నా చేతివంట గొప్పతనం గురించి ఉపన్యాసం ఇస్తా ఉంటిని. అప్పుడు వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడు. అత్త. ఆ మిల్లావిడకి లీవంట, తనే బస్సెక్కి వచ్చింది. చేతిలో సంచి, సంచిలో ఏముంటుందో చెప్పాల్సిన పని లేదు.

"రండి రండి వదినా" అని అమ్మ లేచి, నన్ను ఒక చూపు చూసి, నీళ్ళకి లోపలికి పోయింది. అత్త అక్క తల నిమిరింది. గ్లాసుని చూసింది. నా పక్కకి తిరిగి మెల్లగా అడిగింది:

"షుగరుందా?"

అత్తకి తెలిసిపోయింది. ఎవరో చెప్పేసినారు. ఇంక దాచితే మరీ చెడ్డగా ఉంటుందని, ఆమె కంటే మెల్లగా, చాలా బాధ్యతగా చెప్పినాను: "కొంచెమే అత్తా. మాత్రలు కూడా లేవు. కాన్పయినాక పోతాదని డాక్టరమ్మ చెప్పింది."

అత్త నన్ను చూసింది. అక్కని చూసింది.

"నేను అడిగింది గ్లాసు గురించి తంబీ" అనింది. "తియ్యటి సోడా దగ్గు తెస్తాదని."

మా ఊళ్ళో రోగమూ షుగరే, టీలో వేసేదీ షుగరే. పుట్టినప్పటినుంచి ఈ మాటని వాడతా ఉండాను, ఆ ఒక్క రోజు ఎందుకు తప్పుగా వినిపించిందో తెలీదు. అక్క గ్లాసు కిందపెట్టేసి పైట అంచుతో ముక్కు తుడుచుకుంది. నన్ను చూడలేదు. చావింట్లో కూడా నాకు ఏదో ఒక జోకు తోచకుండా పోదు. అప్పుడు ఒక్కటీ తోచలేదు.

"ఎప్పటినుంచి?" అనింది అత్త.

"వచ్చిన వారంనుంచి అత్తా" అని అక్క.

అత్త చెయ్యి సంచి మీదికి పోయింది. "అయితే నేను పంపినదంతా..." సంచిని వెనక్కి లాక్కుంది. "వారం వారం నా చేత్తోనే పంపినానే. బిడ్డకి ఏమన్నా అయిందా?"

అమ్మ నీళ్ళ చెంబుతో అప్పుడే బయటికి వచ్చింది. జరిగినది అర్థమయింది, కానీ మర్యాద ముందర దేన్నీ నిలబడనిచ్చే మనిషి కాదు. "అయ్యో, మీరు ప్రేమగా పంపినది వద్దంటుందా వదినా? కొంచెం కొంచెం తినిందిలే" అనింది.

అత్త మంచం పట్టెమీద కూలబడింది. ఆమె మొహం చూస్తే, తన చేత్తో తనే కోడలికి విషం పెట్టినట్టు ఉండె. మేం ఇన్నాళ్ళు భయపడింది ఆమె మమ్మల్ని తప్పు పడుతుందని. ఆమె అక్కడ కూర్చొని తనని తను తప్పు పట్టుకుంటా ఉండె. అమ్మ మాట అట్లే ఉంటే మా పరువు మిగులుతుంది. కానీ అత్త ఇంటికి పోయి నిద్రపోదు.

"లేదత్తా" అన్నాను. "అక్క ఒక్క తునక తినలేదు. అంతా నేనే తింటిని."

అత్త నా మొహం చూసింది. తరవాత నా కడుపు చూసింది. నమ్మినట్టుంది.

"మరి ఫోన్లో బాగుండాది అంటివే కన్నా?"

అక్క గొంతు వినిపించీ వినిపించకుండా, "వాడు బాగుండాదని చెప్పినాడత్తా" అనింది.

ఇంకోచోట అయితే దానికి నేనే ముందు నవ్వుండేవాణ్ణి. ఎవరూ నవ్వలేదు. అమ్మ చెంబు పట్టుకొని అట్లే నిలబడింది. అత్త నేలని చూస్తా అనింది: "రోగం ఎవరికి రాదు? నన్ను బయటి మనిషిని చేసినారే, అదే."

అక్క ఏడ్చింది, ఆసుపత్రినుంచి వచ్చినాక ఇన్నాళ్ళకి మొదటిసారి. "చెప్పేదానికి సిగ్గయింది అత్తా. మీరు నన్ను అంత గొప్పగా చెప్పుకొంటా ఉంటిరి." అత్త ఆమె కన్నీళ్ళు తుడిచింది. అమ్మ తెచ్చిన నీళ్ళు మాత్రం తాగలేదు. "బస్సు పోతాది" అని లేచింది.

సంచి నేను పట్టుకొని వెనకే నడిచినాను. కొండ పక్కనుంచి సన్నటి తుంపర మొదలయింది, గొడుగు తెచ్చుకోలేదా అని అడిగేదానికి కూడా నాకు మొహం లేకపోయె. బస్‌స్టాపులో కప్పు కింద నిలబడినాక, రోడ్డుని చూస్తానే అడిగింది.

"అది ఎట్ల చేస్తావు?"

"ఏది అత్తా?"

"ఆ గ్లాసులోది. బిడ్డతో మా ఇంటికి వచ్చినాక అడుగుతుంది గదా. షుగరు పోతే సరే. పోకపోతే? నేనే చెయ్యాల."

చెప్పినాను. క్రీము, కొబ్బరిపాలు, చుక్కలు, గిలకొట్టేది, బయటపెట్టి కాచుకునేది. ఒక్క ఎగతాళి మాట కలపకుండా, పనిచోట సూపర్‌వైజరుకి చెప్పినట్టు చెప్పినాను. ఆమె మధ్యలో ఆపి మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పినాను. బస్సు వచ్చింది. సంచి నా చేతిలోంచి తీసుకొని, పోయొస్తానని చెప్పకుండానే ఎక్కింది. కిటికీ పక్కన కూర్చొని తల బయటపెట్టింది.

"ముందర పోసేది సోడానా, ఐస్‌క్రీమా?"

"సోడా అత్తా. ఐస్‌క్రీము మీద సోడా పోస్తే పొంగి అంతా కిందపోతాది."

తల ఊపి లోపలికి తీసుకుంది. నవ్వలేదు. బస్సు కదిలేటప్పుడు ఆమె పెదవులు కదులుతా ఉండినాయి, చెప్పినదాన్ని కంఠతా పెట్టుకుంటా ఉండె. నేను చెయ్యి ఎత్తబోయి, మళ్ళీ దించుకున్నాను.