ఆగి కొట్టే చప్పట

ఆ సాయంత్రం భయపడుతూనే గ్రంథాలయం మెట్లెక్కాను. మా బాపు పోయి ఏడాదైంది. ఆయన రాసినవాటిలో నిలిచేది ఏముందో మాట్లాడుకుందామని నిజామాబాద్‌లో నలుగురు పెద్దలు సభ పెట్టారు. కూతురిని కనుక నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. నేను బడికి పోనిదాన్ని. ఇంట్లో బాపు పలకమీద దిద్దించిన అక్షరాలే నా చదువు. అయితే నా భయం అది కాదు. చెప్పవలసిన మాట ఒక్కటే ఉంది. అది చెబితే మా భజన మండలి నాకు మిగులుతుందా అన్నదే భయం.

బాపు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీకి వచ్చే చెరకు బండ్లను తూచే కాటా దగ్గర గుమాస్తా. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో అక్కడి ఆఫీసర్ల క్లబ్బుకు గోవా నుంచి బాకా వాయించే ఆయన ఒకరు వచ్చారు. ఆయన వాయించేదాన్ని జాజ్ అంటారని బాపే మాకు చెప్పాడు. అటుపైన బాపుకు అదే లోకం. రేడియోకు చెవి ఆనించి దూరదేశాల స్టేషన్లు వినేవాడు. ఒక చిన్న వారపత్రికకు ఆ సంగీతం గురించి రాసేవాడు. పరాయి పొలాల్లో బానిసలై చాకిరీ చేసినవాళ్ల మనవలు కట్టిన పాట అది, మన చెరకు కొట్టేవాళ్లకు వినిపిస్తే ఇట్టే తెలుస్తుంది అనేవాడు. గోవా ఆయన బాణీలకు బాపు తెలుగు మాటలు కూర్చేవాడు. ఆఫీసర్లు గ్లాసులు పట్టుకుని వాటికి చిందులేసేవారు. మా వాడలో బాపును క్లబ్బు కవి అనేవాళ్లు. అది మెచ్చుకోలు కాదు.

ఆ పాటల్లో ఒకటి చందమామను రమ్మని పిలిచేది. అమ్మకు ఆ బాణీ నచ్చింది. జొన్నరొట్టెలు చేస్తూ, చందమామ ఉన్నచోట రాముణ్ని పెట్టి పాడుకునేది. అమ్మ నుంచి వాడకట్టు ఆడవాళ్లకు, వాళ్ల నుంచి అత్తగారిళ్లకు పోయిన ఆడపిల్లలకు ఆ పాట పాకింది. నేను పెళ్లయి నిజామాబాద్ వచ్చేసరికి ఇక్కడి శనివారం భజనలో అది ఉంది. మెండోర దిక్కున గోదావరి ఒడ్డున ఎవరో సాధువు కట్టిన పాత తత్వమని అందరి నమ్మకం. మిగతా భజనల్లో మాటతో పాటే చప్పట పడుతుంది. ఇందులో మాట పడ్డాక ఒక గుక్క ఆగి కొట్టాలి. కొత్త కోడళ్లు తొందరపడితే మండలి పెద్దవ్వ చెయ్యి పట్టుకుని ఆపేది. "ఆగు బిడ్డా. సాధువు ఆగి కొట్టమన్నడు."

ఆగి కొట్టమన్నది సాధువు కాదు, గోవా ఆయన. ఆయన పేరు కూడా నాకు గుర్తు లేదు. అయినా రోజూ దీపం ముందు ఆయనకూ ఒక దండం పెడతాను.

ఒకసారి మా ఇంటికి వచ్చిన బాపు, గోడ అవతల మా భజన జరిగే చోటి నుంచి ఆ పాట విన్నాడు. తొడమీద వేళ్లతో తాళం వేస్తూ అయిపోయేదాకా కదలలేదు. ఇది నీ పాటేనని వాళ్లకు చెప్పనా అని అడిగాను.

"నేనున్నన్ని దినాలు చెప్పకు బిడ్డా," అన్నాడు. "దేవునికి ఇచ్చినంక మల్ల నాదని అడుగుతమా?"

సభకు మా మండలి ఆడవాళ్లు కూడా నా మీది ప్రేమతో వచ్చి వెనుక వరుసలో కూర్చున్నారు. తెలుగు పంతులుగారు మాట్లాడారు. నిందించలేదు, ఉన్నదున్నట్టు చెప్పారు. జాజ్ మీద రాసిన వ్యాసాలు మంచివేనట, కానీ ఆ పత్రికలు చెదలు తిన్నాయి. పాటల్లో మాటలు పలచన, బాకా తీసేస్తే నిలబడవు. క్లబ్బులో ఆ ఆటపాటలు ఆగిపోయాయి, బాపు పాటలూ వాటితోనే పోయాయి. మాటలు పలచనే, అది నాకూ తెలుసు. కానీ ఆ చివరిది నిజం కాదు.

గ్లాసుల మధ్య పుట్టిన పాటను ఇన్నేళ్లు దేవుడి ముందు పెట్టామని తెలిస్తే వీళ్లేమనుకుంటారు? కొత్త కోడలిగా దిక్కులు చూస్తున్న నన్ను పిలిచి, తన చాపమీద జాగా ఇచ్చింది ఆ పెద్దవ్వే. రామా అనుకుని లేచాను.

"మనం శనివారం ఆగి చప్పట్లు కొట్టే పాట మా బాపుది. బోధన్ క్లబ్బుల పుట్టింది."

పంతులుగారు ఆత్రంగా ఒకసారి పాడమని అడిగారు. మా మండలివాళ్లందరూ పెద్దవ్వ వైపు చూశారు. ఆమె కొంగు సర్దుకుని బయటికి నడిచింది. వెనుకే మిగతావాళ్లు.

ఆ వారం నల్లా దగ్గర ఒకామె, "మొత్తానికి రామున్ని క్లబ్బుకు తోల్కపోయినవు గదనే," అంది. నవ్వుతూ అందో, కోపంగా అందో తల ఎత్తి చూడలేకపోయాను.

శనివారం భజనకు వెళ్లాను. చాపమీద నా జాగా ఖాళీగా ఉంది. అది నాకోసం ఉంచారో, నా పక్కన కూర్చోవడం ఇష్టం లేక వదిలేశారో తెలియలేదు. ఒక్కొక్క భజనా అయిపోతోంది. హారతికి ముందు ఆ పాట రావాలి. పెద్దవ్వ తాళాలు ఒళ్లో పెట్టుకుంది. తర్వాత నా వైపు చూడకుండానే అంది.

"మీ బాపు మన గల్లీకి ఎన్నిసార్లు వచ్చిండు. ఒక్కనాడన్న లోపటికి పిలువకపోతిమి."

తాళాలు అందుకుంది. ఒకామె లేచి వెళ్లిపోయింది, ఆమె మళ్లీ మా భజనకు రానేలేదు. పెద్దవ్వ సన్నటి గొంతుతో పాట ఎత్తుకుంది. మొదటి మాట పడింది. ఆ తర్వాతి గుక్క ఎప్పుడూ ఉండేదే. అయినా ఆ రోజు ఇక ఎవరూ కొట్టరేమో అనిపించింది.

అప్పుడు చప్పట పడింది.