కిక్కురుమనని ప్రోగ్రాం

ఆస్పత్రి కంప్యూటర్ గదిలో నా పక్క సీటాయన్ని అందరం ముక్తసరి అనేవాళ్ళం. అడిగినదానికే జవాబు, అదీ అరముక్క. ఆయన రాసిన ప్రోగ్రామూ అంతే. రోజూ ఉదయం నల్లతెర మీద కమాండ్ కొడితే, ఫోల్డర్‌లో కొత్తగా చేరిన స్కాన్ బొమ్మల్ని రెండో డిస్కులోకి కాపీ చేసేది. చేసినా, చేయడానికేం లేకపోయినా కిక్కురుమనేది కాదు. ఏదైనా చెడితేనే నోరు విప్పేది.

"ఏం లేనప్పుడు ఏం లేదనైనా చెప్పించండి సార్" అన్నాను ఒకసారి.

"పని లేకపోవడం తప్పు కాదుగా. ఊరికే వాగడం ఎందుకు?"

ఇంటివాళ్ళతోనూ అదే వరస. తల్లి పోయాక తనని పెంచిన అక్క రోజూ ఉదయం తొమ్మిదింటికి ఫోన్ చేసేది. "ఏం లేదురా, ఊరికే చేశాను" అనేది. "ఏం లేకపోతే చేయడం ఎందుకక్కా?" అని పెట్టేసేవాడు.

కొత్త స్కాన్ యంత్రం వచ్చినప్పుడు బొమ్మలు చేరే ఫోల్డర్ మార్చింది నేను. ఆయనకి చెప్పడం మర్చిపోయాను. అప్పట్నుంచి ప్రోగ్రాం పాత ఖాళీ ఫోల్డర్నే తడిమి, చేయడానికేం లేదని గమ్మున ఊరుకునేది. పదకొండు నెలలు ఆ మౌనాన్ని నమ్మి మేమిద్దరం నిశ్చింతగా టీ తాగాం. ఆ తర్వాత మొదటి డిస్కు చచ్చింది. రెండోదాంట్లో ఆ పదకొండు నెలల బొమ్మ ఒక్కటీ లేదు.

దగ్గుకని వాళ్ళక్క తీయించుకున్న స్కాన్ కూడా అందులోనే పోయింది. ఇప్పుడు కొత్త స్కాన్‌లో ఊపిరితిత్తి మీద మచ్చ కనబడింది.

"పాత బొమ్మ ఉంటే ఇవాళే తేలిపోయేది" అన్నాడు డాక్టరు. "అప్పటి మచ్చే అయితే వదిలేస్తాం, కొత్తదైతే వెంటనే తీసేస్తాం. ఇప్పుడిక మూడు నెలలాగి పోల్చుకోవాలి."

ఆగారు. అప్పటికి అది కాలేయం దాకా పాకింది. నెలన్నరకి ఆవిడ పోయింది.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్లు తిట్టినా నాకు తేలికయ్యేది. ప్రోగ్రాం మాత్రం మార్చాడు. స్కాన్ గది మూసి ఉండే ఆదివారాల్లో కూడా ఇప్పుడది చెబుతుంది: ఫలానా ఫోల్డర్‌లో వెతికాను, కొత్తవి సున్నా, చేయడానికేం లేదు.

మొన్న ఆదివారం ఆ మాట చదివి, తన ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. తొమ్మిది దాటింది.

"ఊరికే ఒకసారి నాకు ఫోన్ చేయమ్మా" అన్నాడు నాతో. "మోగుతోందో లేదో చూద్దాం."

చేశాను. మోగింది.