ఎర్ర పీలిక కట్టిన బీరకాయ

ఈ ఉదయం బాల్కనీలోకి వేడిగాలి కొట్టింది. కిటికీ చువ్వకు వేలాడదీసిన నిరుటి ఎండు బీరకాయ ఊగి, లోపలి గింజలు గలగలమన్నాయి. పసిపిల్లల గిలక్కాయ చప్పుడు కాదది. అంతకంటే పొడిగా, తక్కువ గొంతుతో, పక్క గదిలో ఎవరో మనల్ని గురించే మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. నేను పేపరు పక్కన పెట్టి, కాయను చేతిలోకి తీసుకుని చెవి దగ్గర మరోసారి ఊపాను. వంటింట్లోంచి మా ఆవిడ, "మొదలైందా? ఇక ఈ పూట ఇడ్లీలు చల్లారినట్టే" అంది. ఆ చప్పుడు విన్న రోజు నేను యాదమ్మను గురించి మాట్లాడతాననీ, మొదలుపెడితే ఆపననీ, చెప్పిందాంట్లో సగం కోతలనీ ఆమెకు తెలుసు.

అందుకే ఈసారి కాగితం మీద పెడుతున్నాను. కాగితం మీద అబద్ధం రాస్తే ముప్ఫై ఆరేళ్ల సర్కారు కొలువు ఊరుకోదు. మయూర్ విహార్‌లో మా సొసైటీకి కొత్తగా దిగినవాళ్లకు నేను చెప్పే మాట ఇది: "పంపు హౌసు వెనక ఎకరం తోట ఉందే, అది నేను వేసిందే. మాది కృష్ణా జిల్లా, తరతరాల సేద్యం. ఎంత ఢిల్లీ అయినా రైతుబిడ్డలోని మట్టిని కడిగెయ్యలేదు కదా!" వాళ్లు తలలూపుతారు. నిజమేమిటంటే, అది ఎకరం కాదు, రెండు బ్యాడ్మింటన్ కోర్టులంత. వేసింది నేను కాదు. మా వంశంలో నాకు తెలిసి ఎవరూ నాగలి పట్టలేదు. మా నాన్న పోస్టాఫీసు గుమాస్తా, మేమున్న అద్దె ఇంట్లో తులసి మొక్క కూడా ఇంటివాళ్లదే. ఈ మూడు అబద్ధాల్లో మొదటి రెండూ ఎవరికీ చెరుపు చెయ్యలేదు. మూడోది చేసింది. అది చెప్పడానికే ఇంత పీఠిక.

యాదమ్మది పాలమూరు. పెళ్లయిన ఏడాదికే మొగుడితో కలిసి ఢిల్లీకి మట్టిపనికి వచ్చింది. మా సొసైటీ కట్టినప్పుడు ఇటుకలు మోసింది. మొగుడు పోయాక ఇక్కడే ఊడ్చే పనిలో కుదిరింది. కట్టడం అయిపోయాక పంపు హౌసు వెనక మిగిలిపోయిన రాళ్లూ సిమెంటు పెచ్చులూ ఏరి, ఎవరినీ అడగకుండా నాలుగు బీర పాదులు పెట్టింది. అలా మొదలైన తోట పదిహేనేళ్లు పెరిగింది. నేను రిటైరయ్యేదాకా ఆ సంగతే నాకు తెలియదు. ఆఫీసుకు పోయేవాడికి సొసైటీ అంటే లిఫ్టు, గేటు, మెట్రో స్టేషను, అంతే. రిటైరైన రెండో వారంలో పనిలేక ఒక ఫిర్యాదు పట్టుకుని అక్కడికి వెళ్లాను. పంపు హౌసు పక్కన డ్రమ్ములో కూరగాయల తొక్కలు కుళ్లుతున్న వాసన మా రెండో అంతస్తుకు వస్తోంది. ఆమె కూర్చుని ఏదో తవ్వుతోంది. నేను హిందీలో, పాత సెక్షన్ ఆఫీసరు గొంతుతో, డ్రమ్ము ఎవరిదని అడిగాను.

ఆమె తలెత్తి చూసి, "నువ్వు తెలుగోనివే గద సారూ, హిందీల ఎందుకు కొట్లాడుతున్నవ్?" అంది. "డ్రమ్ము అందరిది. మీ ఇంట్ల తొక్కలు గూడ తేరాదు, నీకు గూడ కాయలిస్త."

"నేను వాసన గురించి మాట్లాడుతున్నాను."

"అచ్ఛా. రేపటికెల్లి మూత వెడ్త. నువ్వు తొక్కలు దే."

ఢిల్లీలో నన్ను నువ్వు అని పిలిచేవాళ్లు లేరు. ఆఫీసులో సార్, కూరగాయల బండి దగ్గర అంకుల్‌జీ, ఇంట్లో మీరు. ఆమె ప్రాంతపు మాటలో నువ్వు అంటే మర్యాద తక్కువ కాదని నాకు తెలుసు. అయినా ఆ రోజు ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది. మర్నాడు మాత్రం బకెట్‌తో వెళ్లాను. మా ఆవిడే పంపిందని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను, కానీ నేనే వెళ్లాను. ఆ బకెట్‌కు బదులు వచ్చిన బీరకాయ తొక్కతో ఆ పూట పచ్చడి చేసుకున్నాం. మా ఆవిడ వంక పెట్టకుండా రెండోసారి వడ్డించుకుంది. మా ఇంట్లో అది పెద్ద విశేషం.

ఆ తోటకు ఉన్న చట్టం అదొక్కటే. తొక్కలు తెచ్చినవాళ్లకు కాయలు. ఎన్ని తొక్కలకు ఎన్ని కాయలని లేదు. ఆదివారం పొద్దున పంపు హౌసు అరుగు మీద గోతం పరిచి కోసినవి పోసేది. గేటు దగ్గర గార్డు వచ్చేవాడు, ఇళ్లలో పనిచేసే దీదీలు వచ్చేవాళ్లు, ప్రెసిడెంటు సేఠీ గారి భార్య వచ్చేది. పదేళ్లు ఒకే లిఫ్టులో ఎక్కి దిగుతూ ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్లు ఆ అరుగు దగ్గర వంకాయ ఎలా వండాలో వాదించుకునేవాళ్లు. పొద్దున లేవలేని ముసలివాళ్లకు వాటా గార్డు చేత పంపేది. మొదటి అంతస్తులో ఒక పిల్ల బాలింతగా ఉంటే, నెలరోజులు మెంతికూర తన చేతుల్తోనే తీసుకెళ్లి తలుపు కొట్టింది. లాక్‌డౌన్‌లో కూరగాయల బండ్లు గేటు దాటని రోజుల్లో అందరి కూర అక్కడినుంచే వచ్చింది. పెద్దగా ఏమీ కాదు, ఇంటికో గుప్పెడు తోటకూర, రెండు దొండకాయలు. కానీ మాస్కులు కట్టుకుని దూరదూరంగా నిలబడ్డ ఆ వరుసలో ఎవరింట్లో ఎవరు పడకేశారో అందరికీ తెలిసేది. తెలిసినవాళ్లు ఊరుకునేవాళ్లు కారు.

నేను పార పట్టానని రాయబోయాను. పట్టాను, మూడు రోజులు. నాలుగోనాటికి నడుం పట్టేసింది. ఆ తరువాత స్టూలు మీద కూర్చుని సలహాలిచ్చేవాణ్ణి. "మా కృష్ణా జిల్లాలో ఇలా కాదు, పాదుకు ఈశాన్యం వైపు నీళ్లు పోస్తాం" అనేవాణ్ణి. నాకు ఈశాన్యం ఎటో కూడా సరిగా తెలియదు. ఆమె ఎప్పుడూ కాదనలేదు. "గట్లనా సారూ" అని తన పద్ధతిలోనే పోసేది.

మరుసటి ఏడాది నన్ను సొసైటీ సెక్రటరీని చేశారు. కోరి పిలిచారని చెప్పుకుంటాను, నిజానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు. మే నెలలో యాదమ్మ కూతురి కాన్పుకని ఫరీదాబాద్ వెళ్లింది. పోతూ పోతూ, "నీళ్లు వొయ్యి సారూ, ఇగ ఏం జెయ్యకు" అంది. ఒక సెక్రటరీని ఏమీ చెయ్యవద్దంటే ఎలా? మొదటిరోజే తనిఖీ పెట్టుకున్నాను. అప్పుడు కనబడ్డాయి ఎర్ర పీలికలు. ప్రతి పాదులో, ప్రతి వరుసలో, అన్నిటికన్నా మేలైన కాయ తొడిమకు పాత చీర చింపిన ఎర్ర గుడ్డ పీలిక కట్టి ఉంది. బీరకాయల్లో నిడుపైనది, వంకాయల్లో నిగనిగలాడేది, బెండల్లో సూటిగా ఉన్నది. అంతకుముందు ఎన్నోసార్లు వాటి పక్కనే కూర్చున్నాను, కానీ పట్టి చూడలేదు.

ముప్ఫై ఆరేళ్లు క్వార్టర్ల కేటాయింపు ఫైళ్లు చూసినవాడికి గుర్తు పెట్టిన వస్తువు కనబడితే ఒకటే అర్థం. ఎవరో ఎవరికోసమో దాచారు. మంచి కాయలు తనవాళ్లకు, మిగిలినవి మనకు! కమిటీలో ఆ మాటే పెట్టాను. సేఠీ గారు నసిగారు. "అరే భాయ్, పదిహేనేళ్లుగా చేస్తోంది, వచ్చాక అడుగుదాం. అయినా మీరు రైతు కదా, మీకు తెలియదా ఆ గుడ్డ ఎందుకో?"

ఆ ప్రశ్న దగ్గర నేను ఆగి ఉండవలసింది. తెలియదు అని ఒక్క మాట. దానికి బదులు, "తెలుసు కాబట్టే చెబుతున్నాను. మా వైపు ఇలాంటి వేషాలు చాలా చూశాం" అన్నాను. మర్నాడు పొద్దున నేనే కత్తెర పట్టుకుని పీలిక ఉన్న ప్రతి కాయనూ కోశాను. ముందుగా కమిటీ ఇళ్లకూ, తరువాత జాబితా ప్రకారం మిగతా ఇళ్లకూ పంచాను. జీవితంలో అంత న్యాయంగా ఏ కేటాయింపూ చెయ్యలేదనుకున్నాను. సాయంత్రానికి సేఠీ గారి భార్య ఫోను చేసింది. బీరకాయ నిండా పీచేనట, కత్తి దిగడం లేదట. మా ఇంట్లో వంకాయ చేదు. ముదురు కాయలన్నీ ఇళ్లలో తిరిగి తిరిగి, తొక్కల బకెట్లలో పడి మళ్లీ డ్రమ్ము దగ్గరికే వచ్చాయి.

యాదమ్మ వచ్చింది. నేను ఎదురెళ్లి, మనవడా మనవరాలా అని అడుగుతున్నాను. ఆమె వినడం లేదు. పందిరి వంక చూసింది, వరుసల వంక చూసింది, డ్రమ్ము మూత తీసింది. అందులోంచి ఒక బీరకాయ తీసి గోటితో చీల్చింది. లోపల గింజలు తెల్లగా, పాలపళ్లలా ఉన్నాయి.

"ఇంక తెల్లగనే ఉన్నయ్" అంది.

"నీకోసం దాచుకున్నావేమో అనుకున్నాం యాదమ్మా. అందరి తోట కదా, న్యాయం..."

"నాకోసమేంది సారూ? గవి తినేటివి గావు. వచ్చే ఏటివి." ఆ కాయను పాప తల పట్టుకున్నట్టు పట్టుకుంది. "పాలమూరుకెల్లి తెచ్చిన విత్తునం. మొదటి ఏడు గీ గాలికి అన్నీ మాడిపోయినయ్, ఒక్క పాదు బతికింది. దాని కాయకు గుడ్డ గట్టిన. దాని బిడ్డలే ఇవి. గీ ఎండకు అలవాటు వడ్డయ్."

తిట్టలేదు. తిట్టి ఉంటే ఇవాళ ఇంత రాసేవాణ్ణి కాను.

ఆ ఏటి కాపు అప్పటికే అయిపోయింది, గుడ్డ కట్టడానికి ఇంకో కాయ రాలేదు. మరుసటి ఫిబ్రవరిలో నేను పెద్ద దుకాణంలో రంగురంగుల విత్తనాల పొట్లాలు తెచ్చాను. తీగలు జోరుగా పాకాయి. నేను ఫొటోలు తీసి సొసైటీ గ్రూపులో పెట్టాను. మే చివర లూ అనే ఇక్కడి వడగాలి నాలుగు రోజులు వరుసగా కొట్టేసరికి పందిరంతా గడ్డివాములా అయింది. ఆ వేసవి ఆదివారాల్లో గోతం మీద పోయడానికి ఏమీ లేదు. మొదటివారం జనం వచ్చి చూసి వెళ్లారు. రెండోవారం సగంమంది. తరువాత ఎవరూ రాలేదు. లిఫ్టులో మళ్లీ అందరూ ఫోన్లలోకి చూడడం మొదలుపెట్టారు. నేను కోసింది కాయల్నే కాదని అప్పుడు తెలిసింది.

జూన్‌లో ఆమె పని మానేస్తున్నానని చెప్పింది. కూతురు మళ్లీ ఫ్యాక్టరీకి పోవాలి, పసిదాన్ని చూసుకునేవాళ్లు లేరు. వెళ్లే రోజు పొద్దున నిచ్చెన వేసుకుని పంపు హౌసు కప్పు మీది ఎండు తీగలు దులిపింది. దిగేటప్పుడు చంకలో ఒక కాయ ఉంది, నల్లబడి తేలికైన ముందటేటి బీరకాయ. నీళ్ల ట్యాంకు వెనక పడి, పీలిక లేకుండా, నా కత్తెరకు దొరకకుండా మిగిలిపోయింది. నా చేతిలో పెట్టి, "ఊపి జూడు" అంది. ఊపాను. గలగలమంది.

అప్పుడు, అన్నాళ్లకు, నోరు పెగిలింది. "యాదమ్మా, నేను రైతుబిడ్డను కాదు."

ఆమె నవ్వింది. "నువ్వు పార వట్టిన నాడే తెల్సు సారూ."

"మరి చెప్పలేదేం?"

"నువ్వే అడుగుతవని జూశిన." నిచ్చెన గోడకు ఆనించి, చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఇగ నువ్వే గట్టాలె గుడ్డ. మంచి కాయకే గట్టు. తినబుద్ధయితది, తినొద్దు."

కాయ చేతికి వచ్చింది. తప్పయిందన్న మాట మాత్రం నా నోట రాలేదు. అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను, తప్పు చేశానని ఒప్పుకోలేదు. ఈ రెండూ వేరని ఆమెకు తెలిసే ఉంటుంది. ఆటో కదిలేదాకా నా వంక చూసింది.

ఏడాది తిరిగేసరికి ఆ గింజల్లో సగానికి పైగా మొలిచాయి. ఎండకు నిలిచాయి. ఆ కబురు చెప్పాలని ఫోను చేస్తే నంబరు పనిచెయ్యడం లేదంది. "ఆమెకోసం ఫరీదాబాద్‌లో మూడు రోజులు వీధి వీధీ గాలించాను" అని నేను తోటకు వచ్చేవాళ్లకు చెబుతాను. మా ఆవిడ పక్కన ఉంటే మూడు గంటలంటాను. ఇప్పుడు కాగితం మీద కాబట్టి చెబుతున్నాను. మెట్రో మారి ఫరీదాబాద్‌లో దిగాను, సంచిలో నాలుగు లేత బీరకాయలున్నాయి. ఆమె చెప్పిన గుర్తు ఒక్కటే, పైపుల ఫ్యాక్టరీ వెనక బస్తీ. ప్లాట్‌ఫారం మీంచి చూస్తే పొగగొట్టాలూ రేకుల ఇళ్లూ కనబడుతున్నాయి. మెట్లు దిగితే దొరుకుతుందేమో అనిపించింది. దొరికితే తప్పయిందన్న ఆ మాట అనాలి. బెంచీ మీద కూర్చున్నాను. రైళ్లు వచ్చాయి, పోయాయి. లేచి తిరుగు రైలెక్కాను. బీరకాయలు మేమే తిన్నాం. రుచి తెలియలేదు.

తోట ఇప్పుడు బాగుంది. ఆదివారం గోతం మీద కాయలు పోస్తున్నాం, అరుగు దగ్గర వాదనలు మళ్లీ మొదలయ్యాయి. నా చొక్కా జేబులో కళ్లద్దాల పక్కన ఎర్ర నాడా ముక్కలుంటాయి, ఫైళ్లు కట్టే నాడా. రిటైరైనప్పుడు ఒక చుట్ట ఇంటికి తెచ్చుకున్నాను, అది కూడా ఒప్పుకుంటున్నాను. మొన్న కొత్తగా దిగిన అమ్మాయి పందిరి కింద ఆగి, "అంకుల్, అంత మంచి కాయ, అది ఎవరికి రిజర్వు?" అని అడిగింది. నిలబడి మొత్తం చెప్పాను. కత్తెర దగ్గరికి వచ్చేసరికి ఎవరో సెక్రటరీ అన్నాను. రెండడుగులు వేసి వెనక్కి వచ్చి, "ఆ సెక్రటరీని నేనే" అన్నాను.

ఇడ్లీలు చల్లారాయి. ఏటా గింజలు తీసేటప్పుడు ఒక గుప్పెడు వేరుగా పొట్లం కట్టి పైన యాదమ్మ అని రాస్తాను. ఇప్పటికి పొట్లాలతో డబ్బా నిండింది. ఆమె ఉన్నచోట పిడికెడు మట్టి ఉంటే అక్కడ పందిరి ఉంటుంది, పందిరి మీద ఎర్ర గుడ్డ కట్టిన కాయ ఉంటుంది. ఇంటి నంబరు అక్కర్లేదు. ఈసారి ఆ మెట్లు దిగుతాను అని ఇందాక ఇక్కడ రాసి, కొట్టేశాను. అది దిగినవాడు రాయవలసిన మాట. మా ఆవిడ వచ్చి, ప్లేటు పెట్టి, కొట్టేసిన వాక్యం చదివి, నా చెప్పులు గుమ్మం దగ్గర సర్ది పెట్టింది.