సార్ వస్తడు, కూసో అక్కా

ఆ రోజు మా అక్క సాయవ్వ బీడీల కార్ఖానా నుంచి నిండు చాటతో తిరిగొచ్చింది. పొద్దున తీసుకెళ్లిన బీడీలు అలాగే ఉన్నాయి.

"తీసుకోలే తమ్మీ. అండ్ల జర్దా లేదంటున్నరు" అంది.

ఒకటి విప్పి చూశాను. తునికాకు కొలత ప్రకారం కత్తిరించి ఉంది. చుట్టు బిగువుగా ఉంది. మూతి మడిచి, దారం కట్టి ఉంది. లోపల పొగాకు మాత్రం లేదు. ఇంకోటి విప్పాను, అదీ అంతే. చాటలో ఉన్నవన్నీ ఖాళీ బీడీలే.

నాకు నవ్వొచ్చింది. "జర్దా అంత నువ్వే నమిలినవా ఏంది అక్కా?" అన్నాను. ఆమె కూడా నవ్వింది. ఎందుకు నవ్వుతున్నానో తెలియక, నా మొహం చూసి నవ్వింది. ఆ తేడా నాకు అప్పుడే కనిపించింది. కనిపించినా పట్టించుకోలేదు.

మాది ఎల్లారెడ్డి. అమ్మా నాన్నా పోయేనాటికి నాకు తొమ్మిదేళ్లు. అక్క నాకంటే పదకొండేళ్లు పెద్దది. పెళ్లయిన రెండేళ్లకే భర్త చనిపోతే ఇంటికి తిరిగొచ్చింది. బీడీలు చుట్టి నన్ను పెంచింది, చదివించింది. నేను ఇక్కడే ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంట్‌ని. నేను, నా భార్య సుజాత, అక్క ఒకే ఇంట్లో ఉండేవాళ్లం.

ఆ తర్వాత ఒక్కొక్కటే మొదలైంది. స్నానం చేసి వచ్చి మళ్లీ స్నానానికి పోయేది. సుజాతను మా అమ్మ పేరుతో పిలిచేది. "వదినెను డాక్టరుకు చూపియ్యాలె" అని సుజాత ఎన్నోసార్లు అంది. "మార్చి పోనీ, ఆఫీసుల పని మస్తుగున్నది" అన్నాను. మార్చి పోయింది. వానాకాలం కూడా పోయింది.

చివరికి కామారెడ్డిలో చూపించాం. బి12, థైరాయిడ్ పరీక్షలు చేశారు. సీటీ స్కాన్ చూసి, న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లమన్నారు. హైదరాబాద్‌లో ఎంఆర్ఐ తీశారు. అక్కకు చదువు రాదని తెలిసి, డాక్టర్ గారు జ్ఞాపకశక్తి పరీక్ష కాగితం పక్కన పెట్టారు. "బీడీ ఎట్ల చేస్తరో నాకు చెప్పమ్మా" అన్నారు. అక్క సంబరంగా చేతులతో చూపిస్తూ చెప్పింది. ఆకు నానబెట్టాలె, కత్తిరియ్యాలె, చుట్టాలె, మూతి మడవాలె, దారం కట్టాలె.

"లోపల ఏం పెడతరు?"

అక్క నా వైపు తిరిగింది. "ఏం పెడ్తం తమ్మీ?"

"అల్జీమర్స్" అన్నారు డాక్టర్. "ఈ టాబ్లెట్ జబ్బును తగ్గించదు. కొంచెం మెల్లగా నడిపిస్తుంది. మీరు కూడా ఆమెతో మెల్లగా నడవాలి."

నేను మెల్లగా నడవలేదు. టాబ్లెట్‌తో వాంతులైతే, డాక్టర్‌ను అడగకుండానే ఆపేశాను. ఒక పొద్దున అక్క కనబడకుండా పోయింది. నాగిరెడ్డిపేట రోడ్డు మీద చెప్పుల్లేకుండా నడుస్తుంటే, తెలిసిన ఆటో అతను ఎక్కించుకొచ్చాడు. మర్నాటి నుంచి సుజాత బయటికి పోయినప్పుడల్లా, ఆమెను అడగకుండానే, నేను బయట గొళ్లెం పెట్టి ఆఫీసుకు వెళ్లేవాణ్ని. ఒకరోజు సుజాత వచ్చి తలుపు తీసేసరికి అక్క లోపల తలుపు బాదీ బాదీ గాజులు పగిలి, మణికట్టు కోసుకుని ఉంది.

"ఆమె గొడ్డా, గొళ్లెం పెట్టనీకి?" అంది సుజాత.

ఇంట్లో ఇక కాదని ఇద్దరికీ అర్థమైంది. కామారెడ్డి శివారులో మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లను చూసుకునే చిన్న కేంద్రం ఒకటుంది. పన్నెండు మంచాలు. దాన్ని నడిపే ఎస్తేరు సిస్టర్ పెద్దాసుపత్రిలో చాలా ఏళ్లు నర్సుగా చేసి రిటైర్ అయిన మనిషి. అక్కను అక్కడ చేర్చడం తప్పని ఇప్పటికీ అనుకోను. చేర్చిన పద్ధతే తప్పు.

అక్కకు బీడీ పెన్షన్ వస్తుంది. ఏటా ఒకసారి బతికున్నట్టు సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ పనంటే అక్కకు భయం కూడా, గౌరవం కూడా. అందుకే ఆ మాటే పట్టుకున్నాను. "కామారెడ్డికి పోవాలె అక్కా, వేలిముద్ర పెట్టాలె" అన్నాను. ఆమె మంచి చీర కట్టుకుంది. ఆధార్, బీడీ కార్డు, బ్యాంకు పుస్తకం ఉన్న ప్లాస్టిక్ కవరు చంకలో పెట్టుకుంది. కేంద్రం వరండాలో ఒక బెంచీ ఉంది. దాని మీద కూర్చోబెట్టి, "సార్ వస్తడు, కూసో అక్కా. నిన్ను పిలుస్తరు" అన్నాను.

మా ఆఫీసుకు వచ్చేవాళ్లకు నేను రోజూ చెప్పే మాటే అది. సార్ లేకపోయినా, ఫైలు కదలకపోయినా, ఆ మాట చెబితే మనిషి బెంచీ మీద కూర్చుంటాడు. గొడవ ఉండదు. అక్క కూడా కూర్చుంది. నేను వెనక గేటు నుంచి వెళ్లిపోయాను. "ఇష్టపడే వచ్చింది" అని ఎస్తేరు సిస్టర్‌తో చెప్పాను.

నాలుగు రోజులాగి రమ్మందామె. నేను వెళ్లలేదు. అలవాటు పడనీ అని సుజాతకు చెప్పాను, ఆమెనూ ఆపాను. నిజానికి అక్క మొహం చూసే ధైర్యం లేదు. ఇరవై మూడో రోజు సిస్టర్ ఫోన్ చేసింది. అక్క పడిపోయింది, నుదుటికి కుట్లు పడ్డాయి.

ఇద్దరం వెళ్లేసరికి అక్క అదే బెంచీ మీద ఉంది. కవరు చంకలో ఉంది. పాదాలు ఉబ్బి ఉన్నాయి. చిక్కిపోయింది.

"బువ్వకు లెమ్మంటె లెవ్వది అన్నా. పండుమంటె పండది" అంది సిస్టర్. "పిలుస్తరు, పిలుస్తరు అంటది. లేని పిలుపు వినవడుతుందేమోనని డాక్టర్ నిద్ర టాబ్లెట్ రాసిండు. ఆ మత్తులనే పడ్డది. నువ్వు ఏం చెప్పి తెచ్చినవ్?"

చెప్పాను. "గీ ముచ్చట నాకు మొదటి రోజే చెప్పి ఉంటె నిద్ర టాబ్లెట్ ఇయ్యకపోదుము" అంది సిస్టర్.

నేను అక్క పక్కన కూర్చున్నాను. "తమ్మీ, సార్ వచ్చిండా?" అంది.

"సార్ లేడు అక్కా. ఎవ్వలు రారు. నేను అబద్ధం చెప్పిన."

"పొద్దుగాల నుంచి కూసున్న గదరా" అంది. తర్వాత మూతి తిప్పింది. "గిట్ల కూసోబెట్టుడు మీ ఆఫీసోళ్లకు అలవాటే."

నాకు ఏడుపొచ్చింది. ఐదు నిమిషాలకు ఆమె మళ్లీ అడిగింది, సార్ వచ్చిండా అని. మళ్లీ నిజం చెప్పాను. మళ్లీ అడిగింది. నాలుగోసారికి సుజాత నన్ను పక్కకు పిలిచింది. "నువ్వు తప్పు ఒప్పుకుంటె నీ మనసు తేలికైతది. ఆమెకు గావల్సింది అది గాదు. ఆమె వచ్చిన పని అయిపోవాలె."

ఆ మాట నాకు అప్పటిదాకా తట్టలేదు. సర్టిఫికెట్ నిజంగానే ఇవ్వాల్సి ఉంది. ఆ ఏడాదిది ఇంకా ఇవ్వలేదు. మర్నాడు సెలవు పెట్టి, వేలిముద్రల మిషన్ ఉన్న ఒకాయన్ను కేంద్రానికి తీసుకొచ్చాను. ఆయన అదే బెంచీ దగ్గర కుర్చీ వేసుకుని, "సాయవ్వా!" అని గట్టిగా పిలిచాడు.

అక్క టక్కున లేచింది.

వేలిముద్ర పడలేదు. నలభై ఏళ్లు ఆకు రుద్ది రుద్ది వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. పది వేళ్లూ పెట్టించాడు. ఒక్కటీ పడలేదు. అక్క కంగారుపడి వేళ్లను కొంగుతో తుడుచుకుంటోంది. నేను ఆ వేళ్లను చూడలేకపోయాను. చివరికి ఆయన కంటిపాపను గుర్తుపట్టే మిషన్ తీశాడు. అది ఒప్పుకుంది. కాగితం చేతికిచ్చాడు.

"బతికున్నట్టు రాసిండ్రా?" అంది అక్క.

"రాసిండ్రు అక్కా."

"ఇగ పా. ఆకలైతుంది." కాగితం కవరులో పెట్టుకుని లోపలికి నడిచింది. రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నది.

ఇప్పుడు రెండేళ్లవుతోంది. ఆపిన టాబ్లెట్ డాక్టర్‌ను అడిగి తక్కువ డోసుతో మళ్లీ మొదలుపెట్టాం. జబ్బు ముందుకే పోతోంది. కొన్ని ఆదివారాలు నన్ను తమ్మీ అంటుంది, కొన్ని ఆదివారాలు సార్ అంటుంది. చాట ముందు పెడితే ఆకులు చుడుతుంది. అక్కడ పొగాకు ఇవ్వరు కాబట్టి అన్నీ ఖాళీవే. వాటిని ఎవరూ తిప్పి పంపరు. ఎప్పుడైనా మళ్లీ బెంచీ మీద కూర్చుంటే సిస్టర్ ఆ కాగితం చూపిస్తుంది. అక్క లేచి వస్తుంది. నేను "పోయొస్త అక్కా" అని చెప్పి ముందు గేటు నుంచే వెళ్తున్నాను. మా ఆఫీసులో కూడా, సార్ లేకపోతే లేడనే చెబుతున్నాను.

మీ ఇంట్లో మనిషిని ఇలాంటి చోట చేర్చాల్సి వస్తే ఎప్పటికీ పూర్తికాని పని పేరు చెప్పి తీసుకెళ్లకండి. ఇంకో దారి లేక ఏదైనా చెబితే, ఏం చెప్పారో ఆ మాటను అక్షరం మార్చకుండా అక్కడ చూసుకునేవాళ్లకు ఆ రోజే చెప్పండి. మందుల చీటీతో పాటు ఆ మాట కూడా రాసివ్వండి. నేను రాసివ్వలేదు. మా అక్క ఇరవై మూడు రోజులు తన పేరు పిలుస్తారని కూర్చుంది.