ఇచ్చోడ మీద బుట్టలో ఇద్దరం

ఉల్లిగడ్డల ఆటోవాడికి నా మీద ఏం పగో తెలియదు. కరీంనగర్‌లో ఇన్ని వీధులుండగా ఆదివారం పొద్దున్నే మా కిటికీ కిందికే వచ్చి ఆపుతాడు. ఆపి, తాను టీ తాగడానికి పోతాడు. మైకు మాత్రం డ్యూటీలో ఉంటుంది. రికార్డు చేసిన గొంతు కాబట్టి దానికి దగ్గు రాదు, అలుపు రాదు, సిగ్గు అసలే రాదు. ఒకసారి కిందికి దిగి, "జర సౌండు తగ్గియ్యరాదే" అని అడిగాను. "తగ్గిస్తె మీకెట్ల ఇనవడతది సార్?" అన్నాడు. వాదనలో లోపం దొరకలేదు. రెండు కిలోలు కొనుక్కుని పైకి వచ్చాను.

ఆదివారాలు నేను ఇంట్లో ఉండకపోవడానికి ఇదే కారణమని మా ఆవిడకు చాలాకాలం చెబుతూ వచ్చాను. ఆమె హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. కారణానికీ సాకుకూ తేడా కనిపెట్టడం ఆమెకు రోజూ ఉండే పనే.

అసలు కారణం బెలూన్. జాతరలో పిల్లలకు కొనిచ్చేది కాదు, మనుషులు ఎక్కేది. ఐదారు అంతస్తుల ఎత్తు గుడ్డ సంచి, దాని కింద బెత్తం బుట్ట, రెండింటి మధ్య గ్యాసు మంట. ముగ్గురు స్నేహితులం కలిసి పాతది ఒకటి సంపాదించాం. ఈ పిచ్చి మాకు అంటించినవాడు దుబాయిలో కొన్నేళ్లు పనిచేసి వచ్చాడు. అక్కడ టూరిస్టుల బెలూన్లు ఎడారిలో ఎక్కడ దిగితే అక్కడికి జీపు తోలుకుపోయి వాటిని ఏరుకురావడం అతని ఉద్యోగం. అందరూ అక్కడి నుంచి బంగారం తెస్తే ఇతను ఈ పిచ్చి తెచ్చాడు. కస్టమ్స్ వాళ్లు పట్టుకోలేదు. రెండోవాడికి హుస్నాబాద్‌లో ట్రాక్టరు సామాన్ల దుకాణం ఉంది. బెలూన్‌కు ఇంజను లేదని ఎన్నిసార్లు చెప్పినా దాన్ని "బండి" అనే అంటాడు. మూడోవాణ్ణి నేను, డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. ఇంట్లో కూడా ఆ పాఠం ఆగదని మా ఆవిడ ఫిర్యాదు. మిగతా ఇద్దరికీ పరీక్షలంటే పడదు కాబట్టి శిక్షణకు పోయి, పరీక్ష రాసి, నడిపే లైసెన్సు తెచ్చుకున్నది నేను.

బెలూన్‌కు స్టీరింగు లేదు, బ్రేకు లేదు, హారన్ లేదు. మొదటి రెండూ లేకుండా నడిపేవాళ్లను మా ఊళ్లో చూశాను. మూడోది లేకుండా నడిపేవాణ్ణి మాత్రం చూడలేదు. పైకి పోవడం, కిందికి రావడం, ఈ రెండే మన చేతిలో ఉంటాయి. మిగతాదంతా గాలిది. అయితే గాలి ఒక్కటే కాదు. కింద ఒకటి ఉత్తరానికి పోతుంటే కొంచెం పైన ఇంకొకటి తూర్పుకు పోతుంటుంది. మనకు కావలసిన వైపు పోయేది దొరికేదాకా ఎక్కుతూ దిగుతూ ఉండాలి, షేర్ ఆటోలు మారినట్టు.

"ఆదివారమైతె చాలు పోతవ్. నాకు తెల్వక అడుగుత, గక్కడ ఏమున్నది?" అని మా ఆవిడ చాలాసార్లు అడిగింది. ప్రతిసారీ చెప్పబోయి, ఏదో ఒక పిచ్చి మాట చెప్పి తప్పించుకున్నాను. ఒక ఆదివారం గాలి మమ్మల్ని కాగజ్‌నగర్ వైపు అడవి అంచున దింపింది. అక్కడ ఫోన్లు పనిచేయలేదు. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆమె గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

"ఒక్కసారి నేను ఎక్కుత," అంది. "మంచిగనిపిస్తె నీ ఇష్టం. లేకుంటె నీ వాట వాళ్లిద్దరికి ఇడిచిపెట్టి ఇంట్ల ఉండు."

ఒప్పుకున్నాను. అడిగింది న్యాయంగానే ఉంది. అదే నా భయం.

చలికాలం, ఇచ్చోడ దాటాక హైవేకి కాస్త లోపల, తెలిసిన రైతు చేను. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. గుడ్డ పరిచి, పెద్ద ఫ్యానుతో గాలి నింపి, మంట పెట్టాం. సంచి ఒళ్లు విరుచుకుని లేచి నిలబడింది. బుట్టలోకి ఒక ఎర్ర తాడు వేలాడుతూ ఉంటుంది. దాన్ని లాగితే సంచి నడినెత్తిన ఉన్న మూత తెరుచుకుని వేడిగాలి బయటికి పోతుంది. అనుకున్నచోట దిగడానికి ఆధారం ఆ తాడే. లాగి చూశాను. మూత తెరుచుకుంది. వదిలాను. మూసుకుంది. పరీక్ష అయిపోయింది.

ఆ తర్వాత పూజ మొదలైంది. హుస్నాబాద్ మిత్రుడు మా ఆవిడను చెల్లె అంటాడు, అందుకని నేను బావనయ్యాను. అతని లెక్కలో పూజ చేయని బండి రోడ్డెక్కకూడదు. దీనికి రోడ్డు లేకపోవడం అతనికి అడ్డం రాలేదు. చక్రాలు లేకపోవడమే చిక్కయింది. కొంచెం ఆలోచించి, బుట్ట నాలుగు మూలల కిందికి నాలుగు నిమ్మకాయలు తోశాడు.

"ఇది మీదికి లేస్తది కదరా, నిమ్మకాయలు ఎట్ల తొక్కుతది?" అన్నాడు దుబాయి మిత్రుడు.

"దిగేటప్పుడు తొక్కుతది తియ్."

"దిగేది గీడనా?"

హుస్నాబాద్ మిత్రుడు కొబ్బరికాయ కొట్టాడు. నా చూపంతా మంట మీద ఉంది. పొద్దెక్కితే గాలి పెరుగుతుంది, త్వరగా కానియ్యమన్నాను. "చెల్లె ఎక్కుతున్నది బావా, ఊకె గాదు" అంటూ అతను నా వెనక ఏదో కడుతున్నాడు. మా ఆవిడ స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, చున్నీ నడుముకు బిగించి, ఇన్విజిలేషన్‌కు వెళ్లే మొహంతో బుట్ట ఎక్కింది.

లేచినట్టు తెలియదు. భూమే మర్యాదగా కొంచెం తప్పుకుందనిపిస్తుంది. దండం పెట్టిన చేతులు, వాటి వెనక బట్టతల, నాలుగు నిమ్మకాయలు, జీపు టాపు, ఒకదాని వెనక ఒకటి చిన్నవైపోయాయి. ఆమె రెండు చేతులతో బుట్ట అంచు పట్టుకుంది. కళ్లు మూసుకుందేమోనని చూశాను. మూసుకోలేదు, కానీ రెప్ప కూడా వేయడం లేదు.

తగినంత ఎత్తు వచ్చాక మంట ఆపాను.

పల్లపు చేలల్లో మంచు పేరుకుని ఉంది. వాగు పొడవునా, వాగు ఎటు తిరిగితే అటు తిరిగింది. నీళ్లు కనబడకపోయినా వాగు కనబడుతోంది. ఊళ్లలో పొయ్యిల పొగ నిటారుగా లేచి, ఒక ఎత్తులో కనబడని కప్పేదో తగిలినట్టు ఆగి, అడ్డంగా పరుచుకుంది. మేము ఆ కప్పు మీద ఉన్నాం. దూరంగా టేకు గుట్టలు ఒకదాని భుజం మీంచి ఒకటి చూస్తున్నాయి. నల్లరేగడిలో పత్తి చేలు, ఎవరో అటుకులు చల్లి ఎత్తడం మరిచిపోయినట్టు ఉన్నాయి.

"గాలి లేదేంది?" అంది మా ఆవిడ.

ఆమె చెవి దగ్గరి వెంట్రుక కదలడం లేదు. చున్నీ కొస కదలడం లేదు. కింద చేలు మాత్రం కదిలిపోతున్నాయి. గాలి ఉంది. దానితో పాటు, దాని వేగంతోనే పోతున్నాం కాబట్టి మాకు తగలడం లేదు. ఎన్నిసార్లు ఎక్కినా ఈ సంగతి నాకు కొత్తగానే ఉంటుంది. చెయ్యి చాపితే, మనల్ని మోస్తున్నదేదో చేతికి అందదు.

"ఉంది," అన్నాను. అంతకంటే ఎక్కువ అనబుద్ధి కాలేదు.

సూర్యుడు గుట్ట దాటాడు. మా నీడ పడమటి చేల మీద పడింది. ఉల్లిగడ్డంత సంచి, దాని కింద చుక్కంత బుట్ట. ఆ చుక్క చుట్టూ ఒక తెల్లని వెలుగు. ఆకుల మీది మంచు బిందువులన్నీ సరిగ్గా అక్కడే సూర్యుణ్ణి తిరిగి మా మీదికి పంపుతున్నాయి. ఆ వెలుగు మాతోపాటే చేనునుంచి చేనుకు పోతోంది. ఎవరి చేను మీదికి వస్తే ఆ చేను కాసేపు వెలిగి, తర్వాత మామూలు చేను అయిపోతోంది. ఆ రైతుకు ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు.

"గది మనమేనా?"

"మనమే."

అప్పుడు కింది నుంచి గొంతులు రావడం మొదలైంది. పైకి చప్పుళ్లు అంత స్పష్టంగా వస్తాయని ఎక్కితే గానీ నమ్మలేం. దూడ మెడలో గంట. బోరింగు కొడుతున్న చప్పుడు. ఎవరో తల్లి, "లేవరాదురా, బారెడు పొద్దెక్కింది" అని పిలవడం, "లేస్తున్ననే అవ్వా" అని నిద్రగొంతు పలకడం. ఆ ఇంటి పైకప్పు చూపుడు వేలి గోరంత ఉంది. ఎక్కడో ఇంకో మూల మైకులో ఉల్లిగడ్డలు. అంత దూరం నుంచి ఆ గొంతు కూడా బాగానే ఉంది.

ఎత్తు తగ్గుతోంది. మంట పెట్టడానికి చెయ్యి ఎత్తాను. మంట లేస్తే లారీ ఇంజను లాంటి రొద.

"జర ఆగు, ఇననియ్."

"ఆగితే దిగుతాం."

"దిగనియ్ జరంత."

దిగనిచ్చాను. ఆమె ఎప్పుడు వదిలిందో గానీ బుట్ట అంచు మీద చేతులు లేవు. గడ్డం ఆనించి వింటోంది. అట్లా ఎంతసేపు పోయామో తెలియదు. చెట్ల కొసలు దగ్గరికి వచ్చినప్పుడు కొద్దిగా మంట పెట్టడం, మళ్లీ ఆపడం తప్ప నేను ఏమీ చేయలేదు.

రోడ్డు పక్కన సోయా కోసేసిన ఖాళీ చేను కనబడింది. జీపు సులువుగా రాగలిగిన చోటు. దిగుదామని ఎర్ర తాడు లాగాను. రాలేదు. ఇంకా గట్టిగా లాగాను. అస్సలు రాలేదు. తల తిప్పి చూశాను. బుట్ట మూలన ఉన్న ఇనుప గొట్టానికీ తాడుకూ కలిపి పసుపు దారం, చుట్ల మీద చుట్లు. మధ్యలో పసుపు కొమ్ము, రెండు మామిడాకులు. బండికి ఎక్కడో ఒకచోట కట్టాలి కాబట్టి, కట్టడానికి వీలుగా వేలాడుతున్నది చూసి కట్టాడు హుస్నాబాద్ మిత్రుడు. నేను లాగడంతో ముడి ఇంకా బిగిసింది. కోయడానికి బుట్టలో ఒక కత్తి ఉండాలి. కొబ్బరి పీచు తీయడానికి దాన్ని తీసుకున్న మనిషి కింద జీపులో ఉన్నాడు.

మంట ఆపితే సంచి చల్లబడి ఎలాగూ దిగుతుంది, దాని తీరిక చూసుకుని. కానీ నేల తాకాక మూత తెరుచుకోకపోతే గాలి దాన్ని వదలదు. సంచి మమ్మల్ని బుట్టతో సహా పత్తి చేల మీదుగా ఈడ్చుకుపోతుంది. పత్తి చేల అవతల కరెంటు తీగలున్నాయి. ఆదివారాల మీద నాకున్న హక్కు, రెండు ఒళ్లు, ఎవరిదో పంట, అన్నీ ఆ పసుపు కొమ్ముకు వేలాడుతున్నాయి.

"ఒక చిన్న పని ఉంది," అన్నాను.

"ఎంత చిన్నది?"

"ఆ ముడి విప్పాలి. నేను మంట వదలలేను."

ఆమె ముడిని చూసింది, నన్ను చూసింది, ముందున్న తీగలను చూసింది. గోళ్లతో పట్టింది. రాలేదు. వంగి పళ్లతో పట్టింది. ఖాళీ చేను మా కింద నుంచి తాపీగా వెళ్లిపోయింది. తీగలు పెద్దవవుతున్నాయి. మంట పెద్దది చేశాను. సంచి కాసేపు ఆలోచించి, అప్పుడు లేచింది. దాని పద్ధతే అంత. మేము దాటుతుంటే తీగ మీది పిట్టలు కూడా లేవలేదు, తలలెత్తి చూశాయి.

"వచ్చింది," అంది. పెదవులు పసుపు పచ్చగా ఉన్నాయి.

తాడు లాగాను. పైన మూత తెరుచుకుంది, ఆ రంధ్రంలో ఆకాశం కనబడింది. మోకాళ్లు వంచమన్నాను. మక్క కోసిన చేనులో బుట్ట ఒకసారి తగిలి, ఎగిరి, మళ్లీ తగిలి, మెల్లగా పక్కకు ఒరిగి ఆగింది. ఇద్దరం వెల్లకిలా, పక్కపక్కన, ఆకాశం చూస్తూ పడి ఉన్నాం. మా ముందు సంచి రంగు రంగుగా నేలకు వాలుతోంది.

పక్క చేను గట్టు మీద పత్తి ఏరే ఆడవాళ్లు మంచు ఆరేదాకా ఆగి కూర్చున్నారు. వాళ్లలో పెద్దామె లేచి వచ్చి బుట్టలోకి తొంగి చూసింది.

"ఎక్కడికెల్లి వస్తున్రు బాయీ?"

"ఇచ్చోడకెల్లి," అంది మా ఆవిడ పడుకునే.

"ఇచ్చోడకెల్లా? బస్సు దొరకలేదా?"

మా ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. బుట్ట ఊగేంత నవ్వింది. అది పాసయిన నవ్వో ఫెయిలయిన నవ్వో నాకు తెలియలేదు.

జీపు వచ్చింది. హుస్నాబాద్ మిత్రుడు దూకి పరుగెత్తుకొచ్చాడు. "చెల్లె, మంచిగున్నవా? భయపడ్డవా?"

ఆమె పసుపు కొమ్ము అతని చేతిలో పెట్టింది. "అన్నా, గిది బండి ముంగట కట్టాలె. పగ్గానికి గాదు."

అతనికి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అయ్యాక మక్క మోళ్ల మీదే చతికిలబడ్డాడు. "నీ కోసమే గద చెల్లె, గట్టిగ కట్టిన," అన్నాడు, ఏడుపు ఒక్కటే తక్కువ.

"గట్టిగనే కట్టినవ్ తియ్," అని అతని భుజం తట్టింది.

మంచు ఆరలేదు కాబట్టి ఆడవాళ్లు కూడా వచ్చి పట్టారు. అందరం వరుసగా నిలబడి గుడ్డలోంచి గాలి తీసి, మడిచి, సంచిలో కుక్కి జీపులోకి ఎక్కించాం. ఫ్లాస్కులో టీ పంచుకున్నాం. నేను గ్లాసులోకి చూస్తున్నాను. ఉండబట్టలేక దుబాయి మిత్రుడే అడిగాడు.

"మరి సంగతేంది వదినె? ఈయన వాట ఉంటదా, పోతదా?"

ఆమె టీ పూర్తిగా తాగి, గ్లాసు దులిపి, నా వైపు కాకుండా అతని వైపు చూస్తూ చెప్పింది.

"ఉండనియ్. పెండ్లయిన కాడికెల్లి ఈయన గింత సేపు నోరు మూసుకున్నది ఇయ్యాల్నే."