పరమాణువుల చిప్పుకు నేను పెట్టిన బొట్టు

ఈ మధ్యాహ్నం విమానాశ్రయానికి వెళ్తూ, నా పూర్వ విద్యార్థిని స్వాతి శంషాబాద్‌లోని మా ఇంట ఆగింది. గదినిండా పట్టే పరికరాన్ని గోరంత చిప్పుగా కుదించిందట. అది లేజర్ కాంతితో పరమాణువులను నిలువరించి, ఉపగ్రహాల ఆసరా లేకుండానే విమానాలకు దారి చూపుతుందట. రేపు బెంగళూరులో దానికి పరీక్ష.

"జర దీవించుండ్రి సార్" అంటూ ఆ చిప్పున్న డబ్బా తెరిచింది. కొత్త బండికి పెట్టినట్లే, చిప్పు నడుమ తడి కుంకుమతో బొట్టు పెట్టాను.

"అయ్యో సార్! లేజర్ లోపలికి పోయే అద్దం గదే!"

"తుడిస్తే పోదా అమ్మా?"

"గీతలు పడ్తయి సార్. ఇంకోటి చెయ్యాలంటే నెల పడ్తది."

అయినా నా పాదాలకు నమస్కరించి, పరీక్షను వాయిదా వేయమని ఫోనులో ఎవరినో బతిమాలుకుంటూ కారెక్కింది.

అప్పటినుండి అరుగుమీదనే కూర్చున్నాను. మీలో ఎవరైనా ఇలా దీవించి పని చెడగొట్టారా? ఉంటే చెప్పండి, కొంత ఊరట కలుగుతుంది.